నెట్ రాకపోతే నేరం డ్రైవరుదేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ఏడుపు: "మా కంప్యూటర్‌లో నెట్ రావడం లేదు, డ్రైవర్ పోయిందట." డ్రైవర్ అంటే విండోస్‌కూ పరికరానికీ మధ్య మాట కలిపే చిన్న ప్రోగ్రామ్. ఆ 'అట' దగ్గరే నాకు అనుమానం. తిరుపతిలో ఓ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరైనదాన్ని. నలభై సిస్టమ్‌లున్న ఆ ల్యాబ్‌లో వారానికి ఒకటో రెండో ఇదే జబ్బుతో పడుకునేవి. వాటిలో నిజంగా డ్రైవర్ చెడిపోయినవి ఎప్పుడూ తక్కువే. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నేను రిటైర్డు టీచర్ని. డెస్క్‌టాప్ కొని మూడేళ్లయింది, విండోస్ 11. పోయిన వారం రాత్రి అప్‌డేట్ అని ఏదో తిరిగింది. తెల్లారి చూస్తే నెట్ లేదు. కింద మూలన భూగోళం బొమ్మ మాత్రం కనిపిస్తోంది. ఇంట్లో ఫోన్లకు వైఫై బ్రహ్మాండంగా వస్తోంది. కంప్యూటర్‌కు మాత్రం వైరు కనెక్షన్. షాపుకు మోసుకెళితే "మదర్‌బోర్డులో ల్యాన్ పోయింది సార్, బోర్డు మార్చాలి, లేదంటే ఓసారి ఫార్మాట్ కొట్టి చూద్దాం" అన్నారు. అందులో మా మనవరాలి ఫొటోలు పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి. కొండమీదికి దర్శనం టికెట్లు కూడా నేను అందులోనే తీస్తాను. ఏం చేయమంటారు?
(కొర్లగుంట, తిరుపతి)

జవాబు: మాస్టారూ, ముందు ఆ ఫార్మాట్ మాట మర్చిపోండి. ఎవరి తప్పో తేలకుండా ఫార్మాట్ కొట్టించడమంటే, ఇంట్లో ఉంగరం కనబడలేదని ఇల్లు పడగొట్టడమే. ఈ మాట ఊరికే అనడం లేదు. 2008లో, విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో, చంద్రగిరిలో మా తమ్ముడి కంప్యూటర్‌ని నా చేతులతో నేనే ఫార్మాట్ చేశాను. నెట్ రాకపోతే డ్రైవర్ అనుకున్నా. ఫార్మాట్ అయ్యాక చూస్తే అసలు ల్యాన్ కార్డు (నెట్ వైరు దూర్చే భాగం) ఎవరో ఎక్స్‌పీకి తెలియనే తెలియదు. డ్రైవర్ల సీడీ ఎప్పుడో పిల్లలు అద్దం చేసుకుని ఆడుకుని పారేశారు. పెన్‌డ్రైవ్ పట్టుకుని బస్సెక్కి తిరుపతి వచ్చి, నెట్ సెంటర్‌లో డౌన్‌లోడ్ చేసుకుని మళ్లీ వెళ్లాను. అయినా నెట్ రాలేదు. చివరికి చూస్తే వైరు చివరనుండే ప్లాస్టిక్ క్లిప్పు విరిగిపోయి, జాక్ అరంగుళం బయటికి జారి ఉంది. వాడి పెళ్లి ఫొటోలు సగం ఆ రోజే పోయాయి. ఇప్పటికీ మా మరదలు పండక్కి పిలిచినప్పుడల్లా గుర్తుచేస్తుంది.

అందుకని మీరు కూడా మొదట వెనక్కి వెళ్లండి, కంప్యూటర్ వెనక్కి. వైరు దూర్చిన చోట చిన్న లైట్లుంటాయి. ఒక్కటీ వెలగకపోతే వైరు ఊడబెరికి 'టిక్' మనేదాకా మళ్లీ నొక్కండి. రూటర్ వెనకాల ఇంకో రంధ్రంలో పెట్టి చూడండి. పక్కింట్లో అడిగి వేరే వైరు తెచ్చి చూడండి. ఫోన్లకు వైఫై వస్తోందన్నారు కాబట్టి లైను తప్పూ కాదు, కంపెనీ తప్పూ కాదు. ఇక మిగిలింది వైరు, కార్డు, డ్రైవర్.

డ్రైవర్ అనగానే బండి నడిపేవాడు గుర్తొస్తాడు. నేను ల్యాబ్‌లో పిల్లలకు దుబాసీ అని చెప్పేదాన్ని. మన బస్టాండు ముందర పూలమ్మే ఆవిణ్ని చూడండి. అరవం వాళ్లొస్తే అరవం, కన్నడం వాళ్లొస్తే కన్నడం, ఉత్తరాది వాళ్లొస్తే తనకొచ్చిన హిందీ. విండోస్‌కు ఒక భాష, ల్యాన్ కార్డుకు ఇంకో భాష. మధ్యలో ఆ పూలావిడ పని చేసేదే డ్రైవర్. అప్‌డేట్ వచ్చిన రాత్రి మీ ఇంట్లో దుబాసీ మారినట్టుంది. కొత్తాయనకు మీ కార్డు యాస పట్టుబడలేదు. కార్డుకు రోగమేమీ లేదు, మాటే కుదరలేదు.

అదే జరిగిందా లేదా అన్నది ఇట్లా తేల్చుకోవచ్చు. కీబోర్డులో విండోస్ గుర్తున్న మీటా, ఎక్స్ మీటా కలిపి నొక్కండి. వచ్చిన పట్టికలో 'డివైస్ మేనేజర్' అని ఉంటుంది. దాన్ని తెరిచి 'నెట్‌వర్క్ అడాప్టర్స్' పక్కనున్న బాణం గుర్తు నొక్కండి. 'వ్యాన్ మినీపోర్ట్' అంటూ ఓ అరడజను పేర్లు కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు, అవి విండోస్ సొంత సరుకు. రియల్‌టెక్ అనో ఇంటెల్ అనో మొదలయ్యే పేరు మీది. దాని మీద పసుపు త్రికోణం గానీ కిందికి చూసే బాణం గానీ ఉంటే రెండుసార్లు నొక్కండి. 'డివైస్ స్టేటస్' అన్న గళ్లో ఒక కోడ్ నంబరు ఉంటుంది. డాక్టరు చీటీలాగా అదొక్కటి రాసుకోండి. 10 అంటే పరికరం ఉంది కానీ మొదలవడం లేదని. 28 అంటే డ్రైవరే లేదని. 22 అంటే ఎవరో ఆపేశారని, ఆ పేరు మీద మౌస్ కుడి మీట నొక్కి 'ఎనేబుల్' అంటే సరిపోతుంది. 22 చూసి ఫార్మాట్ కొట్టిన మహానుభావులు కూడా నాకు తెలుసు.

మీ కథ వింటే 10 అని ఉంటుందని నా అంచనా. అదే అయితే ఆ కిటికీలోనే 'డ్రైవర్' ట్యాబ్‌లోకి వెళ్లి 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కండి. పాత దుబాసీ తిరిగొస్తాడు. కొందరికి ఆ బటన్ మసకగా ఉంటుంది, నొక్కినా పలకదు. అప్పుడు పైనున్న 'అప్‌డేట్ డ్రైవర్' నొక్కి, నెట్‌లో వెతకమనకుండా, నా కంప్యూటర్‌లోనే చూస్తానన్న రెండో దారి ఎంచుకుని, ఉన్నవాటి జాబితా చూపించమనండి. చాలాసార్లు ఆ జాబితాలో పాత తేదీ డ్రైవర్ ఇంకా కూర్చుని ఉంటుంది. అది ఎంచుకుని కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. నెట్ వచ్చాక అప్‌డేట్‌లను ఓ రెండు మూడు వారాలు 'పాజ్'లో పెట్టండి, లేకపోతే విండోస్ మళ్లీ ఆ కొత్తాయన్నే తెచ్చి కూర్చోబెట్టే ప్రమాదం ఉంది.

జాబితాలో కూడా లేకపోతే డ్రైవర్ డౌన్‌లోడ్ చేయాలి. నెట్ లేకుండా డౌన్‌లోడ్ ఎట్లా అంటారా? మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ని ఛార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కు కలపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్నచోటే 'యూఎస్‌బీ టెథరింగ్' ఉంటుంది, ఆన్ చేయండి. అరనిమిషంలో కంప్యూటర్‌కు నెట్ వస్తుంది. ఈ ఫోను మాట అర్థం చేసుకునే దుబాసీ విండోస్‌లో ముందే ఉంటాడు. ఫోన్ ఇంటి వైఫైలోనే ఉంటే మొబైల్ డేటా ఖర్చు కూడా ఉండదు. కొన్ని వైర్లు ఛార్జింగ్‌కు తప్ప దేనికీ పనికిరావు, ఫోన్‌తో పాటు డబ్బాలో వచ్చిన వైరు వాడండి. టికెట్లు విడుదలయ్యే పొద్దున కంప్యూటర్ మొండికేస్తే కూడా ఈ చిట్కా చాలు, మిగతా మరమ్మతు మధ్యాహ్నం భోంచేసి చేసుకోవచ్చు.

ఏ డ్రైవర్ దించుకోవాలో తెలియడానికి, ఇందాక కార్డు పేరు మీద రెండుసార్లు నొక్కితే వచ్చిన కిటికీలోనే (దాన్నే ప్రాపర్టీస్ అంటారు) 'డీటెయిల్స్' ట్యాబ్ తెరిచి, జాబితాలో 'హార్డ్‌వేర్ ఐడీస్' ఎంచుకోండి. పొడవాటి వరసలో 'వీఈఎన్' అన్న మూడక్షరాల పక్కన 8086 ఉంటే కార్డు ఇంటెల్‌ది, 10ఈసీ ఉంటే రియల్‌టెక్‌ది, 14సీ3 ఉంటే మీడియాటెక్‌ది. అయితే మీరు దించుకోవాల్సింది మీ మదర్‌బోర్డు కంపెనీ సైట్ నుంచి, మీ బోర్డు మోడల్ పేరు కొట్టి. రెడీమేడ్ బ్రాండెడ్ కంప్యూటర్ అయితే ఆ బ్రాండు సైట్ నుంచి. వేరే ఎక్కడి నుంచీ వద్దు.

ఇక బోర్డు నిజంగా పోయిందా అన్న అనుమానం తీరడానికి ఒక పరీక్ష ఉంది. నా తాళాలగుత్తికి ఎప్పుడూ ఒక పెన్‌డ్రైవ్ వేలాడుతుంటుంది, అందులో విండోస్‌కు బదులు నడిచే ఉబుంటు అనే వ్యవస్థ ఉంటుంది. దాన్ని గుచ్చి, కంప్యూటర్‌ని దాని నుంచే మొదలుపెట్టి, 'ఇన్‌స్టాల్' కాకుండా 'ట్రై' అన్నది ఎంచుకుంటే, మీ ఫైళ్లు ఒక్కటీ ముట్టుకోకుండా వేరే వ్యవస్థ నడుస్తుంది. అందులో వైరు పెట్టగానే నెట్ వచ్చిందా, కార్డు గుండ్రాయిలా ఉన్నట్టు. తప్పు విండోస్ వైపు డ్రైవర్‌ది. షాపువాళ్లను ఈ పరీక్ష చేసి చూపించమనండి. చేయనంటే కంప్యూటర్ తిరిగి ఇంటికి తెచ్చేసుకోండి.

ప్రశ్న: అక్కా, మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కాలేజీ నుంచి వచ్చి ల్యాప్‌టాప్ మూత తెరిస్తే వైఫై బటనే కనిపించదు, విమానం గుర్తు ఒక్కటే ఉంటుంది. రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే పడుకుంటుంది, అయినా పొద్దునకు అదే గతి. ఒక్కోసారి దానంతటదే బాగవుతుంది. పరీక్షలప్పుడు చాలా టెన్షన్‌గా ఉంది.
(గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

జవాబు: చెల్లెమ్మా, మీరు షట్‌డౌన్ అనుకుంటున్నది పూర్తి షట్‌డౌన్ కాదు. విండోస్ 8 వచ్చినప్పటి నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒకటుంది. ఆపేటప్పుడు లోపలి సరంజామా అంతా డిస్కులో దాచిపెట్టి, మర్నాడు అట్లాగే తీసి పరుస్తుంది. పొద్దున తొందరగా తెరుచుకోవడం దాని పుణ్యమే. కానీ నిన్న అలిగి పడుకున్న డ్రైవర్ ఇవాళ కూడా అదే అలకతో లేస్తాడు. చిత్రంగా అనిపించినా, 'షట్‌డౌన్' కన్నా 'రీస్టార్ట్' కొట్టడమే శుభ్రమైన స్నానం.

కాబట్టి ముందు రీస్టార్ట్ చేయమనండి. బాగుపడకపోతే ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ పీకేసి, పవర్ బటన్‌ని అరనిమిషం గట్టిగా నొక్కి పట్టుకోమనండి. లోపల మిగిలిన కరెంటు కూడా దిగిపోతుంది. తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే మాయమైన వైఫై చాలాసార్లు తిరిగొస్తుంది. ల్యాబ్‌లో ఇది చేసినప్పుడు పిల్లలు నాకేదో మంత్రం వచ్చనుకునేవాళ్లు.

అది ఇవాల్టికి. మళ్లీ రాకుండా ఉండాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో 'పవర్ ఆప్షన్స్' తెరిచి, పవర్ బటన్ ఏం చేయాలో నిర్ణయించే పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్‌లోకి వెళ్లి 'పవర్ మేనేజ్‌మెంట్' ట్యాబ్‌లో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అన్న వాక్యం పక్కన టిక్కు ఉంటే అది కూడా తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే ఉండదు, లేకపోతే వెతుక్కుంటూ కూర్చోకండి. బ్యాటరీ రవ్వంత ఎక్కువ తింటుంది, అంతే. దాంతో పాటు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో, వెనకనున్న మోడల్ నంబరు కొట్టి, వైఫై డ్రైవర్ కొత్తది ఉందేమో చూడండి.

ఇవన్నీ చేశాక కూడా మాయమవుతుంటే, అప్పుడు కార్డునే అనుమానించాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో అది రెండు వేళ్ల వెడల్పు ముక్క, ఒక్క స్క్రూతో బిగించి ఉంటుంది. రోజూ బస్సులో కుదుపులకు యాంటెనా తీగ వదులైన కేసులు చూశాను. దాన్ని మార్చడానికి బోర్డు మార్చక్కర్లేదు. కొన్నింట్లో మాత్రం బోర్డుకే అతికించి ఉంటుంది. వాటికి యూఎస్‌బీ డాంగిల్ (యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చే బుల్లి వైఫై పరికరం) పెట్టుకోవడమే దారి.

ప్రశ్న: మేడమ్, వైఫై డాంగిల్ ఒకటి కొన్నాను. పీసీకి గుచ్చితే వైఫై రావడంలేదు, 'మై కంప్యూటర్'లో సీడీ డ్రైవ్ అని ఒకటి కనిపిస్తోంది. నా పీసీకి సీడీ డ్రైవే లేదు! డూప్లికేట్ సరుకు అంటగట్టారా?
(శ్రీకాళహస్తి)

జవాబు: లేదు బాబూ, డూప్లికేట్ అని గొడవకు వెళ్లకు. డ్రైవర్ సీడీ ఇస్తే ఈ రోజుల్లో పెట్టుకునే చోటు ఉండదని కొందరు తయారీదార్లు డ్రైవర్‌ని డాంగిల్ లోపలే దాచి, మొదట సీడీలాగా కనిపించేట్టు చేస్తారు. ఆ సీడీ తెరిచి అందులోని సెటప్ నడుపు. అయ్యాక అదే వేషం మార్చి వైఫై అవుతుంది. మారకపోతే ఆ సీడీ గుర్తు మీద కుడి మీట నొక్కి 'ఇజెక్ట్' అను. ఇంకో మాట. నీలం రంగు యూఎస్‌బీ 3 రంధ్రంలో, అదీ హార్డ్‌డిస్కు పక్కన గుచ్చితే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తడబడుతుంది. నల్ల రంధ్రంలోకి మార్చి చూడు. ఇంకా మీ రూటర్ 5 గిగాహెర్ట్జ్ పేరు జాబితాలో కనిపించకపోతే డ్రైవర్‌ని తిట్టకు, చవక డాంగిల్స్ చాలావాటికి 5 పట్టుకునే శక్తి ఉండదు.

ప్రశ్న: కంప్యూటర్‌లో ఉన్నట్టుండి ఒక బోర్డు వచ్చింది. మీ డ్రైవర్లు 37 పాతబడ్డాయి, వెంటనే సరిచేయకపోతే ప్రమాదం, డబ్బు కట్టండి అంటోంది. కట్టాలా?
(పలమనేరు)

జవాబు: వద్దు. ఆ ప్రోగ్రామ్ తీసేయండి. నెట్ సరిగ్గా వస్తున్నప్పుడు నెట్ డ్రైవర్‌ని కదిలించడం అనవసరం. పాతబడటం వేరు, చెడిపోవడం వేరు. నా స్కూటర్ 2006 మోడల్, అలిపిరి దాకా నేటికీ వెళ్లొస్తుంది.

ప్రశ్న: వేసవిలో ఉరుములతో వాన పడిన రాత్రి నుంచి ల్యాన్ పనిచేయడం లేదు. డివైస్ మేనేజర్‌లో పేరు కూడా లేదు. డ్రైవర్ మళ్లీ వేయడానికి చూస్తే, పరికరం దొరకలేదంటోంది.
(పుత్తూరు)

జవాబు: ఇది అన్నా, నిజంగానే కార్డు పోయిన కేసు అయ్యుండవచ్చు. దుబాసీ వచ్చి నిలబడ్డాడు, మాట్లాడాల్సిన మనిషే లేడు. ఫైబర్ అంటే గాజు, అందులో కరెంటు ప్రవహించదు కదా అంటారు. నిజమే, కానీ రూటర్ కరెంటు అడాప్టర్ నుంచీ, రూటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్యనున్న రాగి వైరు నుంచీ పిడుగు దెబ్బ లోపలికి వస్తుంది. మిద్దెల మీదుగా రాగి వైరు లాగిన కనెక్షన్ అయితే మరీను.

తేల్చుకోవడానికి ముందు బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల పేజీలోకి) వెళ్లి 'ఆన్‌బోర్డ్ ల్యాన్' ఆన్‌లో ఉందేమో చూడండి, ఒక్కోసారి సెట్టింగులు చెదిరి అది ఆఫ్ అవుతుంది. ఆన్‌లో ఉండి కూడా కనిపించకపోతే, పైన మాస్టారికి చెప్పిన ఉబుంటు పరీక్ష చేయండి. అందులోనూ లేకపోతే పోర్టు కాలిందనే అనుకోవచ్చు. అయినా బోర్డు మార్చకండి. బోర్డు మీద ఖాళీ గాడి ఉంటే అందులో వేరే ల్యాన్ కార్డు, లేదంటే యూఎస్‌బీకి తగిలించే ల్యాన్ అడాప్టర్ పెట్టుకుంటే, బోర్డు ఖర్చులో చిన్న భాగంతో పని జరిగిపోతుంది. ఉరుములు మొదలైతే ప్లగ్గులతో పాటు ల్యాన్ వైరు కూడా పీకండి, జనం ఇదే మరిచిపోతారు. ఇంకా సీపీయూ నేల మీద పెట్టకండి. 2021 నవంబరు వానలకు మా వీధిలో నీళ్లు గడప దాటినప్పటి నుంచి మా ఇంట్లో అది పీట మీదే ఉంటుంది.

ప్రశ్న: నెట్ కనెక్టెడ్ అనే ఉంటుంది, కానీ ఏ సైటు తెరిచినా మీ కనెక్షన్ సురక్షితం కాదంటుంది. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, ఫలితం లేదు.
(రేణిగుంట)

జవాబు: మూలనున్న తేదీ చూడండి. ఏదో పాత సంవత్సరం కనిపిస్తోందా? సైట్ల ధ్రువపత్రాలకు గడువులుంటాయి, మీ కంప్యూటర్ తేదీ తప్పయితే అవన్నీ చెల్లనివిగా కనిపిస్తాయి. కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీదుండే రూపాయి బిళ్లంత బ్యాటరీ, నంబరు సీఆర్ 2032. గడియారాలు బాగుచేసే ఏ కొట్లోనైనా దొరుకుతుంది. అది మార్చి తేదీ సరిచేయండి. డ్రైవర్‌కు దీనితో ఏ సంబంధమూ లేదు.

ప్రశ్న: మాది 200 ఎంబీపీఎస్ ప్లాన్. ఫోన్‌లో 180 దాకా వస్తుంది, వైరు పెట్టిన కంప్యూటర్‌లో 94 దాటదు. ముందు బాగానే వచ్చేది. మూడు వెర్షన్ల డ్రైవర్లు మార్చాను.
(చంద్రగిరి)

జవాబు: 94 దగ్గర నిక్కచ్చిగా ఆగిందంటే అదే పెద్ద ఆధారం తమ్ముడూ. నీ కార్డూ రూటరూ 100 దగ్గర రాజీపడ్డాయన్నమాట. డేటాతో పాటు వెళ్లే చిరునామాల వగైరా ఖర్చు పోగా చేతికొచ్చేది 94, 95. సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ పేజీలో 'లింక్ స్పీడ్' చూడు, 1000 బదులు 100 అని ఉంటుంది.

ల్యాన్ వైరులో ఎనిమిది తీగలుంటాయి, రెండేసి చొప్పున నాలుగు జతలు. 100కు రెండు జతలు చాలు, 1000కి నాలుగూ కావాలి. 100కు అక్కర్లేని ఆ మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా నెట్ ఆగదు, చప్పుడు కాకుండా 100కు దిగిపోతుంది. అందుకే జనం డ్రైవర్ మీద పడతారు. డ్రైవర్ 'అడ్వాన్స్‌డ్' ట్యాబ్‌లో 'స్పీడ్ అండ్ డూప్లెక్స్' అన్నది 'ఆటో నెగోషియేషన్'లో ఉందో లేదో ఒక్కసారి చూడు, ఎవరైనా 100కు కట్టేసి ఉంటే సరిచేయి. అది సరిగ్గానే ఉంటే ఇక డ్రైవర్ల జోలికి పోకుండా వైరు పొడవునా వేళ్లతో తడుముకుంటూ వెళ్లు. బీరువా వెనక, తలుపు సందు, బియ్యం డ్రమ్ము పక్కన. మా ఇంట్లో ఇదే జరిగినప్పుడు డ్రమ్ము వెనకే దొరికింది. పైతొడుగు చెక్కేసి, గోధుమ రంగు జత రెండు తీగలూ పళ్లతో కత్తిరించి ఉన్నాయి. కొత్త వైరు కొన్నప్పుడు క్యాట్ 5ఈ గానీ 6 గానీ అడుగు, కొనేముందు ఎలుకల బోను కూడా పెట్టు.